రాహుకాలంలో ఓటీపీ

మా నెట్ డబ్బా మీద ఎల్ఓఎస్ అని ఒక బుల్లి లైటు ఉంటుంది. తీగలోంచి వెలుగు రావడం ఆగిపోతే అది ఎర్రగా వెలుగుతుంది. అంటే వైరు ఎక్కడో తెగిందనో, మరీ ఒంగిపోయిందనో అర్థం. నెల్లూరు మూలాపేటలో వైరు తెగడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. గడ్డి లారీ పోతే తెగుతుంది. వినాయకుడి ఊరేగింపులో కిరీటం తగిలితే తెగుతుంది. కోతి ఊగితే తెగుతుంది. వాయుగుండం ఇంకా బంగాళాఖాతంలో ఎటు పోవాలా అని ఆలోచించుకుంటూ ఉండగానే మా ఇంట్లో ఎర్రలైటు వెలిగేది.

కంప్లైంటు పెడితే "రేపు పొద్దున్నే వస్తా సార్" అనేవాడు లైన్‌మన్ కుర్రాడు. ఏ రేపు అని అడగడం మర్యాద కాదు కాబట్టి అడిగేవాళ్లం కాదు. మా ఊళ్లో రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె, విదేశాలకు పోయే రొట్టె అన్నీ చేతులు మారతాయి. నెట్ రొట్టె ఎవరైనా తెచ్చారేమోనని మా ఆవిడ పోయిన పండక్కి నిజంగానే అడిగి వచ్చింది.

మా ఆవిడ ఇంట్లో కూర్చునే ఒక కంపెనీ లెక్కలు చూస్తుంది. జీఎస్టీ త్రీ-బి రిటర్ను గడువు ప్రతి నెలా 20వ తేదీ. సరిగ్గా 20వ తేదీ సాయంత్రం, సబ్‌మిట్ నొక్కబోతుండగా ఎర్రలైటు వెలిగింది. ఆ రాత్రి ఆమె ఏమీ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే మాకు ఇంత భయం వేసేది కాదు. మర్నాడు ట్రంకు రోడ్డులో గొడుగు వేసుకుని కూర్చున్న వేరే కంపెనీ కుర్రాణ్ని ఇంటికే తీసుకొచ్చింది.

ఆ అబ్బాయికి నోరు మంచిది. నెట్టు, ఇంట్లో ముగ్గురి మొబైళ్లు, టీవీ, ల్యాండ్‌లైను అన్నీ కలిపి ఒకే బిల్లు అన్నాడు. మొబైల్ నంబర్లు మారవు అన్నాడు. పాత కనెక్షన్ తీసేయమని ఇప్పుడే పెట్టేస్తే వచ్చే నెల బిల్లు తగలదు, వాళ్లు డబ్బా తీసుకుపోవడానికి ఎట్టా లేదన్నా వారం పడుతుంది అన్నాడు. అంతవరకూ బాగానే నడిచింది. అప్పుడు మా నాయన పేపరు పక్కన పెట్టి, "ల్యాండ్‌లైన్ నంబరు?" అని అడిగాడు.

"అది మాత్రం కొత్తది వస్తుంది పెద్దాయనా."

మా నాయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. 0861 తర్వాత ఉన్న ఆ అంకెలు గూడూరు నుంచి ఒంగోలు దాకా ఆయన శిష్యులందరికీ నోటికొచ్చు. అప్పట్లో ఆరంకెల నంబరుకు ముందు 2 చేర్చినప్పుడే, తనను అడక్కుండా చేర్చారని చాలాకాలం అలిగాడు. ఇప్పుడు మొత్తానికే ఎసరు.

మొబైల్ నంబరు మార్చుకోకుండా కంపెనీ మారే సదుపాయం 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఉంది. ఇంట్లో ఫోనుకు లేదు. ఈ సంగతి విని ఆయన కాసేపు ఆలోచించి, "జేబులో పడి ఊరూరా తిరిగే ఫోనుకైతే నంబరు వెంట తీసుకుపోవచ్చంట. పెళ్లయినకాడ్నుంచీ స్టూలు మీంచి కదలని ఫోనుకు మాత్రం కుదరదంట. ఇదేం న్యాయం రా అబ్బయ్యా" అన్నాడు. ఇందులో తప్పేముందో నాకిప్పటికీ తెలీదు.

చివరికి కోడలి మాటకే తల వంచాడు. త్రీ-బి రిటర్ను మీద ఆయనకూ భయమే.

మొబైల్ కంపెనీ మారాలంటే, పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, నంబరు కొట్టి 1900కు పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులు చెల్లుతుంది. ముగ్గురివీ పంపేశాం. మెసేజి పోయిందో లేదో పాత కంపెనీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నెట్ పోయినప్పుడు పావుగంట పాట వినిపించిన కంపెనీయే ఇది. ఇప్పుడు మా ఆవిడ పేరు చివర 'గారు' చేర్చి మరీ పిలుస్తోంది. సగం ధరకు ప్లాన్ ఇస్తారట. మా నాయనకు చేసిన అమ్మాయి మాత్రం ఒక అసలైన బాణం వేసింది. "సార్, మీరు ఏడాది రీఛార్జి చేయించుకున్నారు కదా, పోర్ట్ అయితే మిగిలిన వాలిడిటీ అంతా పోతుంది." నిజమే, పోతుంది. ఆయన వెంకట్రామా క్యాలెండర్ తీసి, మిగిలిన రోజులు లెక్కేసి, రోజుకింత అని గుణించి, వచ్చిన మొత్తాన్ని క్యాలెండర్ మీదే రాసి పెట్టాడు. ఎవరొచ్చినా చూపిస్తాడు.

ఇక కొత్త వైరు. స్తంభానికీ మా ఇంటికీ మధ్యలో పక్కింటి రైసుమిల్లు పెద్దాయన మేడ ఉంది. ఆయన ఒప్పుకోలేదు.

"ఆ వైర్లలోంచి ఏవేవో కిరణాలొస్తాయంట. మా మనవడు ఆడుకునే చోటు."

"కిరణాలేం లేవన్నా, లోపల గాజు తీగ. దాంట్లో కరెంటు కూడా ఉండదు, ఒట్టి వెలుగు" అన్నాడు మా నాయన.

"వెలుగైతే మీ ఇంట్లోనే వేసుకోండి మాస్టారూ, మా మేడ మీద ఎందుకు?"

దీనికి లెక్కల మాస్టారి దగ్గర జవాబు లేదు. గురువారం మధ్యాహ్నమంతా కంపెనీ కుర్రాళ్లు నిచ్చెనలు వేసుకుని, కాకిగూడులా ఉన్న స్తంభం మీంచి వైరు లాగి, వేపచెట్టు చుట్టూ తిప్పి, మా పిట్టగోడ దాకా తెచ్చి వదిలేశారు. మేడాయన కుర్చీ వేసుకుని కూర్చుని, వైరు తన హద్దులోకి వస్తుందేమోనని సాయంత్రం దాకా కాపలా కాశాడు.

ఆ రాత్రే ముగ్గురి నంబర్లూ కొత్త కంపెనీకి మారిపోయాయి. తెల్లారేసరికి పాత సిమ్ముల్లో ప్రాణం లేదు. కొత్త సిమ్ములు వేసుకుంటే సరిపోయేది. అవి ఉన్న కవరు మా అమ్మ దగ్గర ఉంది. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా అమ్మ ముందు రంగనాయకుల స్వామి పటం ముందు పెడుతుంది. కవరు మీద పసుపు, కుంకుమ, ఒక గులాబీ రేకు.

"శుక్రవారం, పూజ కానియ్ నాయనా. హారతి అయినాక తీసుకుందువు" అంది. అమ్మ హారతికి తొందర ఉండదు.

తొమ్మిదింటికి బెల్లు మోగింది. పాత కంపెనీ లైన్‌మన్! ఎన్ని కంప్లైంట్లు పెట్టినా కంటికి కనిపించని మనిషి, కనెక్షన్ తీసేయమని రాసిన పాపానికి తల దువ్వుకుని, సెంటు కొట్టుకుని, టైముకు వచ్చి నిలబడ్డాడు. "డబ్బా తీసుకుపోవాల సార్. ఓటీపీ చెప్తే పికప్ క్లోజ్ చేస్తా." ఓటీపీ చెప్పడానికి మా ఫోన్లలో సిమ్ములు లేవు. "సర్లే సార్, సాయంత్రం వచ్చి కొట్టుకుంటా" అని డబ్బా మాత్రం పీకి సంచిలో వేసుకుపోయాడు.

అప్పుడు తెలిసింది మా నాయనకు, ల్యాండ్‌లైన్ కూడా ఆ డబ్బాలోంచే మోగుతోందని. రిసీవర్ చెవికి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "రాగి తీగ ఉన్నన్నాళ్లు కరెంటు పోయినా ఈ ఫోను మోగేది రా. ఎక్స్ఛేంజి బ్యాటరీల్లోంచి 48 వోల్టులు ఆ తీగలోనే వచ్చేవి. మన మెయిన్ ఫ్యూజ్ కాలిపోయినా దీనికి పట్టేది కాదు" అన్నాడు. ఆయన ఇది చెప్పేటప్పటికి ఇంట్లో నెట్ లేదు, మొబైల్ లేదు, ల్యాండ్‌లైన్ లేదు. బయటి ప్రపంచంతో మాకు మిగిలిన సంబంధం పాలవాడు. వాడొచ్చి పోయాడు.

పదిం పావుకు కొత్త కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు. ఈ అబ్బాయి పని చూసి తీరాలి. మెట్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వైరు చివర ఒలిచాడు. నల్ల తొడుగు పోయి, దాని కింది తెల్ల తొడుగు పోయి, చివరికి కనీకనిపించని తీగ ఒకటి మిగిలింది. తలవెంట్రుక దీనికంటే ముతక అనిపించింది. దాన్ని స్పిరిట్ తడిపిన దూదితో తుడిచి, కట్టర్‌లో పెట్టి టక్కున కోశాడు. తెగిన ముక్కను జాగ్రత్తగా టేపుకు అంటించి జేబులో పెట్టుకున్నాడు. "కాల్లో దిగితే కనబడదు సార్, అద్దం ముక్క." రెండు తీగలనూ మిషన్లో ఎదురెదురుగా పెడితే, చిన్న తెర మీద అవి రెండు దూలాల్లాగా కనబడి, కాస్త అటూ ఇటూ జరిగి, చిటుక్కున మెరిసి ఒకటైపోయాయి. మా నాయన కళ్లజోడు పైకెత్తి మరీ చూశాడు. ల్యాండ్‌లైన్ దుఃఖం ఆ క్షణానికి మర్చిపోయాడు.

తర్వాత వెలుగు ఎంత వస్తోందో చూసే మీటరు పెట్టి, "మైనస్ పంతొమ్మిది. సూపర్ సార్!" అన్నాడు అబ్బాయి.

"మైనస్‌లో వస్తే సూపరేందిరా? మా బడిలో అయితే నాయన్ని పిలుచుకు రమ్మనేవాణ్ని."

"మైనస్ ఇరవై ఏడు దాటితేనే టెన్షన్ పెద్దాయనా."

లాగరిథమ్స్ ముప్పై ఏళ్లు చెప్పిన మనిషికి లైటు వెలిగింది. సున్నా అంటే ఒక మిల్లీవాట్, మైనస్ ఇరవై అంటే అందులో నూరో వంతు, అంత కాస్త వెలుగులో ఇన్ని సినిమాలు ఎట్టా వస్తాయో మా అబ్బాయికి బోర్డు లేకుండా చెప్పడం మొదలుపెట్టాడు. వాడు ఫోన్ వైపు ఆశగా చూశాడు. ఫోన్లో ఏమీ లేదు. విన్నాడు.

కొత్త డబ్బా అట్టపెట్టె తెరిస్తే అడాప్టర్ లేదు. గోడకు పాతది వేలాడుతూ ఉంది. "ఇదీ 12 వోల్టులే సార్, పిన్ను కూడా ఒకటే" అని అదే తగిలించాడు. లైట్లు పచ్చగా వెలిగాయి. "అయిపోయింది. మీ నంబరుకు ఓటీపీ వస్తుంది, చెప్పండి, యాక్టివేట్ చేసేస్తా."

అందరం దేవుడి గది వైపు చూశాం. హారతి అప్పుడే అయింది. అమ్మ గడియారం చూసింది. పదిన్నర.

"రాహుకాలం. పన్నెండు దాకా ముట్టుకోబాకండి."

"అత్తయ్యా, ఓటీపీ పది నిమిషాలే ఉంటుంది" అంది మా ఆవిడ.

"పది నిమిషాలు కూడా నిలవనిదాన్ని రాహుకాలంలో మొదలుపెడితే ఇంకేం నిలుస్తుందే?"

టెక్నీషియన్ ఆఫీసు వైపు మాట్లాడతాడనుకున్నాం. అతను ఫైలు మూసేసి, "అమ్మ చెప్పింది కరెక్టే మేడమ్. మా బావ రాహుకాలంలో బండి డెలివరీ తీసుకున్నాడు, నెల తిరక్కుండా కొట్టుకుపోయారు" అన్నాడు. కాఫీ తాగాడు. ఉప్మా తిన్నాడు. మధ్యలో అలవాటుకొద్దీ ఓటీపీ మళ్లీ మళ్లీ పంపిస్తూనే ఉన్నాడు, అవి గాల్లో ఎక్కడ నిలబడ్డాయో.

ఇదంతా ఇట్టా ఉండగా కావలిలో మా అక్క పొద్దున తొమ్మిదికి రోజూలాగే అమ్మకు ల్యాండ్‌లైన్ చేసింది. పలకలేదు. నాకు చేసింది, స్విచ్చాఫ్. మా ఆవిడది, నాయనది, స్విచ్చాఫ్. పదింటికి మేడాయన నంబరు సంపాదించి ఆయనకు చేసింది. ఆయనకు వైరు కోపం ఇంకా పోలేదు.

"వాళ్ల సంగతి నాకు తెలీదమ్మా. నిన్నట్నుంచి ఆ ఇంటికి ఎవరెవరో నిచ్చెనలేసుకుని వస్తా పోతా ఉండారు" అని పెట్టేశాడు.

పన్నెండు కొట్టింది. అమ్మ కవరు ఇచ్చింది. సిమ్ములు వేయగానే మూడు ఫోన్లూ ఒకేసారి మోత. ఓటీపీలు వరదలా వచ్చి పడ్డాయి. వాటిల్లో ఏది మొదటిది, ఏది చివరిది, ఏది మా ఆవిడ ఎప్పుడో ఆర్డరు పెట్టిన కుక్కర్‌ది అని తేలడంలేదు. మా నాయన చదువుతున్నాడు, మా ఆవిడ దిద్దుతోంది, టెక్నీషియన్ కొడుతున్నాడు. "ఎక్కువసార్లు ప్రయత్నించారు, కాసేపాగి ప్రయత్నించండి" అని వచ్చింది.

ఆగుతుండగా గుమ్మంలో ఆటో ఆగింది. అక్క జుట్టు రేగి ఉంది, బావ చేతిలో పండ్ల సంచి ఉంది. దారిలో ఆస్పత్రికి తీసుకుపోవాల్సి వస్తే ఉత్తచేతులతో ఎందుకని కొన్నాడట. మమ్మల్నందర్నీ వరసగా చూసి, లెక్క సరిపోయిందని తేలాక అక్క గొంతెత్తింది.

"ఒక్కరంటే ఒక్కరు ఫోనెత్తరేందిరా! బస్సులో ఏడ్చుకుంటా వచ్చినా. పక్క సీటామె నీళ్లిచ్చింది తెలుసా!"

"రాహుకాలమే" అంది అమ్మ.

మేడాయన గేటు దగ్గరికొచ్చి, "నేను చెప్పినా గదమ్మా, నిచ్చెనలనీ" అన్నాడు. అంతలో నెట్ వచ్చేసింది. అక్క ఏడుపు ఆపి, తన ఫోన్ బావ చేతికిచ్చి పాస్‌వర్డ్ కొట్టించుకోమంది. మా ఆవిడ ముందుగా జీఎస్టీ సైటు తెరిచి చూసి, ఊపిరి పీల్చుకుని, అక్కకు అన్నం పెట్టింది. మా నాయన బావకు క్యాలెండర్ మీది లెక్క చూపించాడు.

సాయంత్రం ఐదింటికి పాత కంపెనీ కుర్రాడు చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. "సార్, పొద్దున అడాప్టర్ మర్చిపోయినా. అది లేకుంటే మీ డిపాజిట్ రాదు" అంటూ తిన్నగా గోడ దగ్గరికి పోయి, ఎవరూ నోరు తెరిచే లోపల పీకేశాడు. టీవీలో బొమ్మ ఆగిపోయింది. డిపాజిట్ మాట విన్నాక మా నాయన అతణ్ని ఆపనివ్వలేదు.

"ఓటీపీ వస్తది సార్, అది చెప్తే క్లోజ్" అన్నాడు అబ్బాయి, తీగ చేతికి చుట్టుకుంటూ.

ఆ ఓటీపీ అతను అడక్కముందే వచ్చి కూర్చుంది.