టేబుల్ అజెండా గారికి ఒక పన్నుదారుడి అర్జీ

మహారాజశ్రీ టేబుల్ అజెండా గారి దివ్య సముఖమునకు,

ముందస్తు నోటీసు లేకుండా, మీటింగు మధ్యలో నేరుగా కౌన్సిల్ బల్ల మీదికి వచ్చే అంశాల కాగితం మీరు, క్షేమమేనా అని అడగక్కర్లేదు. కౌన్సిళ్లు వస్తాయి పోతాయి, చైర్మన్లు పార్టీలు మారతారు, కమిషనర్లయితే గుమ్మం మీద పేరు రాసిన పెయింటు ఆరకముందే బదిలీ అయిపోతారు, మా మున్సిపాలిటీలో ఉద్యోగ భద్రత అంటూ ఉన్నది మీ ఒక్కరికే. అందుకే కమిషనర్ గారికి పెట్టాల్సిన అర్జీ మీకు పెడుతున్నాను. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు ఇస్తున్నారు. నా దగ్గర రసీదులు చాలా ఉన్నాయి, మా వీధికి కల్వర్టే లేదు.

కల్వర్టు సంగతి తర్వాత. పని కావాలంటే ముందు నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాద కదా, అది కానివ్వండి.

మీకో అన్నగారున్నారు, అసలు అజెండా. పాపం చాలా పద్ధతైన మనిషి. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం ప్రకారం నెలకోసారైనా కౌన్సిల్ కూర్చోవాలి, కూర్చున్నాక ఏం మాట్లాడతారో మూడు రోజుల ముందే సభ్యులకు తెలియాలి. ఆ లెక్క ప్రకారం ఆయన శుభ్రంగా టైపై, పిన్ను కొట్టించుకొని, అటెండర్ బండి మీద ఇంటింటికీ తిరిగి, సంతకం పెట్టించుకొని మరీ కౌన్సిలర్ల చేతికి వెళ్తాడు. ఫలానా వార్డులో మురుగు కాలువ పూడిక తీయుటకు, ఫలానా బోరు మోటారు రిపేరు చేయించుటకు, బ్లీచింగు, సున్నం కొనుగోలు నిమిత్తం, ఔట్‌సోర్సింగ్ కార్మికుల గడువు పొడిగించుటకు, కౌన్సిల్ వారి ఆమోదం కొరకు, అని లోపలంతా ఒకటే వరస. చదివేవాళ్లు లేరని అనను. ప్రతి కౌన్సిల్లోనూ ఒకరుంటారు, రిటైరైన మాస్టారో, పాత కామ్రేడో, ఎర్ర పెన్నుతో గీతలు గీసుకొని వస్తారు. ఆయన లేచి ఏడో అంశంలో ఎస్టిమేట్ ఏదండీ అని అడిగేసరికి చదివే గుమాస్తా పద్నాలుగో అంశంలో ఉంటాడు.

ఆ పద్నాలుగు దాకా రావడానికే సగం పూట పడుతుంది లెండి. మా తెలుగు తల్లికి పాట, ఆ నెలలో పోయిన పెద్దలకు సంతాపం, రెండు నిమిషాల మౌనం, ఆ తర్వాత కుర్చీల గొడవ. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి, పార్టీ మారినాయన ఏ వరసలో కూర్చోవాలి, వైస్ చైర్మన్లు ఇద్దరు కాబట్టి (2021 నుంచి మనకు ఇద్దరు కదా, ఒక్కరితో పని సాగట్లేదని) ఎవరి కుర్చీ చైర్మన్ కుర్చీకి ఎంత దూరంలో ఉండాలి, ఇదంతా తేలాలి. మైకు పనిచేయదు. పనిచేసినప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఇంతలో ఎవరో పోడియం ముందు కింద కూర్చుంటారు, ఇంకెవరో అజెండా కాగితాలు చించి గాల్లోకి విసురుతారు. చిరిగేది మాత్రం ఎప్పుడూ అన్నగారే, మీరు కాదు. మీరు అప్పటికింకా జిరాక్స్ షాపులోనే ఉంటారు.

మీ రాక చూడాల్సిందే. సరిగ్గా టీ టైముకి వస్తారు. అటెండర్ ఎడమ చేతిలో సమోసాల ప్లేటు, కుడి చంకలో మీరు, ఇంకా వేడి తగ్గలేదు. ప్లేటు దగ్గర ఒక్కొక్కరూ ఆగి ఏది పెద్దదో చూసి తీసుకుంటారు. మిమ్మల్ని మాత్రం చూడకుండానే తీసుకుంటారు, ఆ నూనె వేళ్లతోనే. "టేబుల్ అంశాలు ఒకటి నుంచి ఆరు వరకు" అని ఒక గొంతు వినబడుతుంది, బల్లలు మోగుతాయి, అయిపోయింది. బోరు మోటారుకు పట్టిన టైములో పదో వంతు కూడా పట్టదు. ప్రభుత్వ ఆఫీసుల్లో పని నెమ్మది అని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది, వాళ్లకు మీరు పరిచయం లేరు.

ఇంతకీ మీలో ఏముంటాయో అంత తేలిగ్గా బయటికి రాదు. వచ్చిన మేరకు చెప్తాను. మున్సిపల్ కాంప్లెక్సులో షాపు గదుల లీజు పొడిగింపు ఉంటుంది. మూడేళ్లకోసారి అద్దె మూడో వంతు పెంచి పాతవాళ్లకే ఇవ్వడం రివాజు. ఆ పాతాయన ఎప్పుడో ఇంకొకాయనకు ఇంకో రేటుకు అద్దెకిచ్చి ఇంట్లో కూర్చుని ఉంటాడు. మధ్యలో మిగిలేది మున్సిపాలిటీకి వచ్చేదానికంటే ఎక్కువని బజార్లో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు, బల్లలు చరిచేవాళ్లకు తెలియదంటే ఎలా నమ్మాలి? లేఅవుటు వేసినప్పుడు పార్కుకని వదిలిన పదో వంతు స్థలంలో "ప్రజోపయోగ నిమిత్తం" ఏదో కట్టుకునే ప్రతిపాదన ఉంటుంది, ఆ ప్రజలు ఎవరో ఇంటి పేరుతో సహా ఊరందరికీ తెలుసు. ఒకే రోడ్డును నాలుగు ముక్కలు చేసి, ఏ ముక్కకూ టెండర్ అక్కర్లేకుండా చూసిన పని ఉంటుంది. ఎప్పుడో వచ్చి వెళ్లిపోయిన మంత్రిగారి టెంట్లు, ఫ్లెక్సీలు, భోజనాల బిల్లు ఉంటుంది, "అత్యవసరం దృష్ట్యా చైర్‌పర్సన్ గారి ముందస్తు అనుమతితో చేసిన ఖర్చు" అని. ఖర్చు ముందే అయిపోయింది, ఆమోదమొక్కటే బాకీ.

అత్యవసరం అన్న మాట మీది కాబట్టి ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. మీరు పుట్టింది మంచి పనికే. పైపులైను పగిలి తాగే నీళ్లలో మురుగు కలిసి వీధిలో వాంతులు, విరేచనాలు మొదలైతే మూడు రోజుల నోటీసు కోసం ఎవరు ఆగుతారు? వరదొచ్చినా అంతే. అలాంటప్పుడు పెట్టుకోండని మీకు ఆ బల్ల మీద చోటిచ్చారు. మా ఊళ్లో మాత్రం పైపు పగిలితే ఎస్టిమేట్ వేయించి అన్నగారి వెనక వరసలో నిలబెడతారు, షాపు లీజుకు మాత్రం అంబులెన్స్ లెవెల్లో మీరొస్తారు.

పెద్ద విషయాలు మీ దాకా కూడా రావనుకోండి. ఇంటి పన్ను అద్దె విలువ లెక్క నుంచి ఆస్తి విలువ లెక్కకు మారుస్తూ 2020 నవంబరులో జీవో 198 వచ్చింది, ఏడాదికి 15 శాతం కంటే పెంచం అని తర్వాత ఊరట కూడా ఇచ్చారు. ఇంటింటి చెత్తకు నెలనెలా యూజర్ చార్జీలన్నారు, జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు, 2024లో ప్రభుత్వం మారాక అదీ ఎత్తేశారు. మా కౌన్సిల్ వేసినప్పుడూ బల్లలు చరిచింది, తీసినప్పుడూ చరిచింది. రాజ్యాంగాన్ని 74వ సారి సవరించి, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి తెచ్చి, పన్నెండో షెడ్యూలులో 18 పనులు వరసగా రాసి పట్టణాలకు అప్పగించండి అన్నారు. నీళ్లు, రోడ్లు, వంతెనలు, శ్మశానాలు, కబేళాలు, అన్నీ ఉన్నాయందులో. పైనుంచి జీవో వస్తుంది, పక్కనుంచి మీరొస్తారు, ఆ 18 పనులూ మధ్యలో ఇరుక్కుని అన్నగారి కాగితాల్లో వాయిదా పడుతూ ఉంటాయి.

మనవాళ్లు మొదట్నుంచీ ఇంత మెత్తగా లేరండీ. చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేస్తాం, పన్ను కట్టండి అని 1919లో తెల్లదొరలంటే, మాకొద్దు మీ మున్సిపాలిటీ అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక జనం ఏకంగా ఊరు ఖాళీ చేసి 1921లో పక్కన రామనగర్ అని గుడిసెలు వేసుకొని దాదాపు 11 నెలలు ఉన్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి. మేమేమో ఏప్రిల్ నెలాఖరుకు కడితే 5 శాతం రాయితీ వస్తుందని లైన్లో నిలబడి, ముందున్నాయనతో గొడవపడి మరీ కడతాం.

ఎన్నికైన కౌన్సిల్ లేని రోజుల్లో మీకు దిగులుగా ఉంటుందేమో. 2010లో గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2014లో గానీ రాలేదు, 2019 జులైలో ముగిస్తే 2021 మార్చి దాకా లేవు. అప్పుడు ప్రభుత్వం వేసే ప్రత్యేకాధికారి అంటే ఆయనే కౌన్సిల్. ప్రతిపాదించేదీ ఆయనే, బలపరిచేదీ ఆయనే, ఏకగ్రీవంగా ఆమోదించేదీ ఆయనే. సమోసాలు కూడా ఒకటే ప్లేటు. అక్కడ బల్లలు చరిచేవాళ్లే లేరు, ఇక టేబుల్ దేనికి? ఆ మాటకొస్తే అప్పటి మీకూ ఇప్పటి మీకూ నాకు పెద్ద తేడా కనపడలేదు, ఖర్చులో సమోసాలు తప్ప.

గ్యాలరీ గురించి చెప్పకపోతే బాగోదు. జనం చూస్తారని గోడ వారగా ఒక బెంచీ వేశారు, దాని మీద కౌన్సిలర్ల భర్తలు కూర్చుంటారు. సగం సీట్లు ఆడవాళ్లకు రిజర్వేషన్ కాబట్టి బెంచీ చాలక కొందరు నిలబడి ఉంటారు. ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ లోపలికి సైగలు చేస్తుంటారు. అయితే అందరూ ఆ సైగలు చూడరు. ఒకావిడ, మొదటిసారి గెలిచినావిడ, ఒక నెల మీటింగులో మీరు చేతికి రాగానే లేచి నిలబడి, "చదివి చెప్పండి, చదవకుండా నేను సరేననను" అంది. హాలు ఒక్క క్షణం ఆగిపోయింది. వెనక నుంచి దగ్గు వినిపించింది, ఆవిడ తిరిగి చూడలేదు. చైర్మన్ గారు "అమ్మా, రొటీన్ అంశాలే కదా" అన్నారు, "రొటీన్ అయితే మూడు రోజుల ముందు ఇవ్వడానికేమైంది" అంది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆవిడది డిసెంట్, అంటే అసమ్మతి, అని రాసుకున్నారు, మిగతా బల్లలు మోగాయి. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో "వాడివేడిగా కౌన్సిల్ సమావేశం" అని వచ్చింది. ఆ పత్రికల వాళ్ల దగ్గర మూడే హెడ్డింగులు ఉన్నాయని నా అనుమానం: వాడివేడిగా, రసాభాసగా, మొక్కుబడిగా. ఏ నెలకు ఏది పెట్టినా కింద చివరి వాక్యం మాత్రం మారదు, అజెండా అంశాలన్నింటికీ ఆమోదం.

ఆవిడ దెబ్బకు మీరు జాగ్రత్త నేర్చుకున్నారు. ఈమధ్య మీలో బాగా ముదిరినవి టేబుల్ దాకా కూడా రావట్లేదని, మీటింగులో ఏం తీర్మానించారో రాసే మినిట్స్ పుస్తకంలోనే నేరుగా పుడుతున్నాయని చెప్పుకుంటున్నారు. మీటింగుకు వచ్చిన కౌన్సిలర్లే తాము ఏం ఆమోదించారో తర్వాత పుస్తకం చూసి తెలుసుకోవాల్సి వస్తోందట. నేను సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి ఆ మినిట్స్ కాపీ అడిగాను. చట్టంలో గడువు 30 రోజులు, జవాబు గడువులోపే వచ్చింది, అది ఒప్పుకోవాలి. "సదరు మినిట్స్ తదుపరి సమావేశంలో ధ్రువీకరించిన మీదట ఇవ్వబడును" అని ఉంది. తదుపరి సమావేశం అయ్యాక మళ్లీ అడిగితే ఆ పుస్తకం ఆడిట్‌కు వెళ్లిందన్నారు. ఏ మాటకు ఆ మాట, మా ఊళ్లో అంత కష్టపడి తిరిగే పుస్తకం ఇంకోటి లేదు.

సరే, కల్వర్టు. మా వీధి మొదట్లో, రేషన్ షాపు ఎదురుగా ఉండేది. స్లాబు సగం విరిగి కాలవలో పడింది, మిగతా సగం లోంచి ఇనుప చువ్వలు పైకి లేచి ఉన్నాయి. రాత్రిపూట ఎవరూ పడకుండా మావాళ్లు ఒక తుమ్మ కొమ్మ గుచ్చి ఎర్ర గుడ్డ కట్టారు. ఆ కొమ్మకు మేకలు తగులుకుంటాయి కాబట్టి నెలకోసారి కొత్తది గుచ్చాలి, ఆ డ్యూటీ మా వీధిలో వంతులవారీగా నడుస్తోంది. వార్డు సచివాలయం కుర్రాడొచ్చి ఫోటో తీసి అప్‌లోడ్ చేశాడు, అసిస్టెంట్ ఇంజనీరు గారొచ్చి టేపు పట్టి కొలిచారు. అన్నగారి కాగితాల్లో కల్వర్టు రెండుసార్లు కనపడింది కూడా, రెండుసార్లూ "వాయిదా వేయడమైనది". మా కౌన్సిలర్ జీరో అవర్లో అడిగాడు, "మా దృష్టిలో ఉంది" అన్నారు. నిజమే, అంత పెద్ద గుంత దృష్టిలో పడకపోతే కాలే పడుతుంది.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, వచ్చే మీటింగులో మా కల్వర్టును మీలో ఒక అంశంగా కలుపుకోండి. టైపు చేయించే శ్రమ కూడా మీకు అక్కర్లేదు, నేనే రాయించి తెచ్చాను, జిరాక్సులు ఎన్ని కావాలంటే అన్ని తీయించి ఇస్తాను, సమోసాలు కూడా నావే. కల్వర్టు అని రాస్తే ఎవరైనా పొరపాటున చదివి ఇది మామూలు పని, అన్నగారికి పంపండి అంటారని భయమేసి, జాగ్రత్తగా ఇలా రాశాను: "అత్యవసరం దృష్ట్యా, రేషన్ షాపు ఎదురుగా గల మున్సిపల్ షాపు గది లీజు పొడిగింపు మరియు సదరు గదికి పోవు దారి నిర్మాణం నిమిత్తం కౌన్సిల్ వారి ఆమోదం కొరకు." అక్కడ గది ఏమీ లేదు. కానీ గది ఎక్కడుందని అడిగేవాళ్లు ఎవరూ లేరు కదా, ఆవిడ తప్ప. ఆవిడకు నేను విడిగా చెప్పుకుంటాను.

ఇట్లు,
ఏప్రిల్లోనే పన్ను కట్టి 5 శాతం రాయితీ పొందిన,
ఈ నెల తుమ్మ కొమ్మ డ్యూటీలో ఉన్న,
మీ విధేయుడు