శూన్యం బరువు రెండు వందల టన్నులు

శూన్యం పట్ల మనవాళ్లు చూపిన నిర్లక్ష్యానికి హద్దు లేదు. సున్నాను కనిపెట్టింది మేమేనని చెప్పుకుంటూ, దాన్ని పిల్లల పరీక్ష పేపర్ల మీద పంచిపెట్టి ఊరుకున్నాం. ఆంటొనీ గోర్మ్లీ ఊరుకోలేదు.

ఈ లండన్ శిల్పి 1970ల తొలినాళ్లలో మన దేశం వచ్చి విపశ్యన ధ్యానం నేర్చుకున్నాడు. కళ్లు మూసుకుంటే ఒంట్లో కనిపించే అంచుల్లేని చీకటే తన ముడిసరుకని తేల్చుకున్నాడు. అలాంటి శిబిరానికే వెళ్లి నేను మోకాళ్ల నొప్పులతో తిరిగొచ్చాను. ఆయనకు 1994లో బ్రిటన్ కళాకారులకిచ్చే టర్నర్ బహుమతి, తర్వాత సర్ బిరుదు. సరుకు ఒకటే, పనితనంలోనే తేడా.

ఆయన ఒంటినిండా ప్లాస్టిక్ పొర చుట్టించుకుని, దానిపైన తడి ప్లాస్టర్ గుడ్డలు వేయించుకుని, అవి గట్టిపడేదాకా ఊపిరి మాత్రం తీసుకుంటూ నిలబడేవాడు. చిప్ప కోసి ఆయన్ను బయటికి తీస్తే లోపల ఆయనంత ఖాళీ మిగిలేది. చాలాకాలం ఆ చుట్టే పనిలో సాయం చేసింది ఆయన భార్య, చిత్రకారిణి విక్కెన్ పార్సన్స్. భర్త కదలకూడదు, మాట్లాడకూడదు. ఈ సంగతి చెప్పగానే మా ఆవిడ ఆ ప్లాస్టర్ ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

‘బెడ్’ అనే శిల్పానికి 8,640 బ్రెడ్డు ముక్కల్ని పరుపులా పేర్చి, తన ఒళ్లు పట్టేంత గుంట మేరకు బ్రెడ్డు తానే తిన్నాడు. జ్వరం వస్తే తప్ప బ్రెడ్డు ముట్టని మనకు ఈ తపస్సు అర్థం కాదు.

నాకున్న సందేహం ఒక్కటే. ఏమీ లేదని చెప్పడానికి ఇంత సామాను ఎందుకు? ఇంగ్లండ్‌లోని క్రాస్బీ సముద్రతీరంలో ఆయన ఒంటి అచ్చులే వంద, ఒక్కొక్కటి 650 కిలోల ఇనుము. పోటు వస్తే మునుగుతాయి, ఒంటినిండా గుల్లలు పట్టించుకుంటాయి, పండగొస్తే జనం పెట్టిన టోపీలతో నిలబడతాయి. అదే దేశంలోని గేట్స్‌హెడ్ ఊళ్లో 1998లో నిలిపిన దేవదూత విగ్రహానికీ మూలం ఆయన ఒళ్లే. 20 మీటర్ల ఎత్తు, 54 మీటర్ల రెక్కలు, 200 టన్నుల ఉక్కు. అది గాలికి కదలకుండా నేలలోపల మరో 600 టన్నుల కాంక్రీటు! మన వేదాంతులు ఇదే సంగతిని ఒక గోచీతో తేల్చేశారు. అందుకే వాళ్లకు బహుమతులు రాలేదు.

నా దగ్గరా ఒక శిల్పం ఉంది. వరండాలోని పడక కుర్చీ. పద్నాలుగేళ్ల మధ్యాహ్న నిద్రలతో దాని గుడ్డ నా వీపు ఆకారంలో సాగింది. నడుము దగ్గర నూలుపోగులు విడిపోయి, తల ఆనేచోట నూనె మరక స్థిరపడింది. నేను లేచి వెళ్లినా నేను అందులోనే ఉంటాను. మొన్న పాత సామాన్లతన్ని పిలిచి మా ఆవిడ దాన్ని కాటా ఎక్కించింది.

“కర్ర ఐదు కిలోలమ్మా” అన్నాడతను.

“మరి ఆ గుంట?” అన్నాను నేను, గొంతు సవరించుకుని.

అతను వంగి, గుంటలోకి శ్రద్ధగా చూసి, దానికి పది రూపాయలు తగ్గించాడు.