పెద్దదిక్కు లేని రోబోల గుంపుకు విన్నపం

మా హాలులో కొలువుదీరిన ఆరు రోబోల సమూహానికి నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా:

ఈ అర్జీని మీలో ఎవరి పేరిట రాయాలో తెలియక అందరి పేరిటా రాస్తున్నాను. మీకు అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ "వీటిలో మెయిన్‌ది ఏది?" అని అడుగుతాడు, ఏదీ కాదంటే, అయితే ఎవరి మాట వింటాయని నా వంక జాలిగా చూస్తాడు. పక్కదాని మాట వింటాయని చెబితే ఎవరికీ నమ్మకం కుదరడం లేదు.

మీ రాజ్యాంగం నేను రాసింది కాదు. తెర మీద పక్షుల గుంపును ఎగిరించడానికి కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు క్రెయిగ్ రెనాల్డ్స్ 1987లో ప్రకటించిన మూడు సూత్రాలే మీకూ ఆధారం: పక్కవారిని గుద్దుకోవద్దు, పక్కవారు పోయే దిక్కుకే పోవాలి, గుంపుకు దూరం కావద్దు. వీటితో మా వీధి ఎంతోకాలంగా నడుస్తోంది కనుక, మీరూ నడుస్తారని ఆశపడ్డాను. హార్వర్డ్‌లో 2014లో కిలోబాట్లు అనే 1,024 బుల్లి రోబోలు ఏ నాయకుడూ లేకుండానే నక్షత్రం ఆకారంలో బారులు తీరాయని మీ తరఫున గొప్పగా చెప్పుకున్నాను కూడా. అయితే అక్కడ ఆకారం ఎక్కడ మొదలవ్వాలో చూపడానికి నాలుగు రోబోలను ముందే ఒక అంచున కూర్చోబెట్టారన్న సంగతిని మాత్రం చుట్టాల ముందు ఎత్తలేదు.

ఇక మీ నడవడి. మీకు ఒక్కొక్కరికి మెదడుగా వైర్‌లెస్ ఉన్న ఒక ఈఎస్‌పీ32 బోర్డు, రెండు ఎన్20 రకం బుల్లి మోటార్లు, ఒక లిథియం సెల్ సమర్పించుకున్నాను. కదలమన్న మరుక్షణం మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగడం, వోల్టేజీ పడిపోవడం, బోర్డు స్పృహ తప్పి మళ్లీ మొదటి నుంచి లేవడం మీకు నిత్యవిధి అయింది. కాస్త కరెంటును దాచి అవసరానికి అందించే కెపాసిటర్ పెట్టాక కొంత కోలుకున్నారు. ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు మాత్రం అడ్డంకులను పసిగట్టడానికి ఒకరు వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుగును మరొకరు గోడ అనుకుని, దారిలో గోడ లేకపోయినా మర్యాదగా వెనక్కి తిరుగుతున్నారు. అసలు గోడలాగే అడ్డంగా ఉన్న నల్లటి సోఫా కాళ్లు ఆ వెలుగును మింగేస్తాయి కనుక, వాటిని మాత్రం నిర్భయంగా ఢీకొడుతున్నారు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మా నాయనమ్మ వ్యవహారం. ఒకరి సిగ్నల్ మరొకరికి ఎంత బలంగా అందుతోందో చూసి మీరు దూరం లెక్కగడతారు. ఆవిడ పూజగదికి వెళుతూ మీ మధ్య నుంచి నడిచినప్పుడల్లా, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు మనిషి ఒళ్లు అడ్డుపడి సిగ్నల్ సన్నగిల్లుతుంది. అంతే, గుంపు చెదిరిపోయిందని బెంగపడి ఒకరినొకరు వెతుక్కుంటూ హాలంతా తిరుగుతారు. ఆవిడ దాటిపోగానే శాంతిస్తారు. నేను రాసిన ప్రోగ్రాముకు రాని కదలిక ఆవిడ అడుగుకు వస్తుంటే, పెద్ద లేని గుంపని ఇక ఎవరికి చెప్పను? "నేను వస్తే లేచి నిలబడుతున్నాయి, నీకన్నా నయం" అని ఆవిడ ఇప్పటికే పక్కింటి వారికి చెప్పేశారు.

కాబట్టి సిగ్నల్ ఒక్క క్షణం తగ్గినంతలో కంగారు పడక, కొన్ని కొలతల సగటు చూశాకే కదలాలని తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను. మీ బోర్డులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ఈఎస్‌పీ-నౌ పద్ధతిలో మీరు వాడే పాత రూపం ఒక్కో సందేశానికి 250 బైట్లే అనుమతిస్తుంది. తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు తింటుంది కనుక, ఈ విన్నపాన్ని ముక్కలు చేసి పంపుతున్నాను. ముందుగా అందుకున్నవారు మిగతావారికి చేరవేయగలరు. అందరికీ కలిపి పంపిన సందేశానికి రశీదు ఇచ్చే ఆనవాయితీ మీలో లేదని తెలుసు. సోఫా కింద ఇరుక్కున్న సభ్యుడు ఇవతలికి వస్తే అందిందనే అనుకుంటాను.

ఇట్లు,
మీ ఛార్జర్ల యజమాని