మన్రో దొర కూర్చోని కుర్చీ ఒక్కటి చూపండి

వరసగా రెండు త్రైమాసికాలు జీడీపీ తగ్గితే దాన్ని మాంద్యం అనాలని ఆర్థికవేత్తలు లెక్క పెట్టుకున్నారు. కర్నూలు జిల్లాలో అంతకంటే కచ్చితమైన కొలత ఎప్పటినుంచో ఉంది. అటక మీది గంగాళం కిందికి దిగిందంటే మాంద్యం వచ్చినట్టు. మొదట చెంబులు దిగుతాయి, తర్వాత బిందెలు. గంగాళం దాకా వచ్చిందంటే ఇంట్లో బంగారం అప్పటికే బ్యాంకుకో, బ్యాంకు పక్కనున్న ఫైనాన్స్ కంపెనీకో చేరిపోయిందని అర్థం. ఢిల్లీలో లెక్కలు కట్టి చెప్పేసరికి నెలలు పడుతుంది. పాత సామాన్ల ఆటో మైకు వినేవాడికి ఆ పూటే తెలిసిపోతుంది.

సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే టీవీలో పెట్టుబడుల నిపుణులు ప్రత్యక్షమై, షేర్లు పడతాయి, స్థలాలు పడతాయి, మేలిరకం పురాతన వస్తువులు మాత్రం విలువ నిలబెట్టుకుంటాయని సెలవిస్తారు. ఈ లెక్కన దేశంలోకెల్లా ధనిక ప్రాంతం రాయలసీమే అయ్యుండాలి. మా దగ్గర కొత్తవి ఏమున్నాయి గనక? చెరువులు రాయల కాలానివి, అప్పులు నాయనల కాలానివి.

నిపుణుల మాట ఊరికే కొట్టిపారేయడానికి లేదు, ఆధారం ఉంది. 2008 సెప్టెంబరు 15న న్యూయార్కులో లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడుల బ్యాంకు దివాలా పిటిషన్ వేసింది. అదే రోజు లండన్లో సోత్‌బీస్ వాళ్ళు డేమియన్ హర్స్ట్ అనే కళాకారుడి సరుకు వేలం మొదలుపెట్టారు. రెండు రోజుల్లో 11 కోట్ల పౌండ్లు దాటింది. అందులో ఒక దూడ ఉంది. మందునీళ్ళ గాజుతొట్టిలో నిలబెట్టిన చచ్చిన దూడ, కొమ్ములకీ గిట్టలకీ బంగారం. అదొక్కటే కోటి పౌండ్లు పైన పలికింది. పురాతనం కూడా కాదు, అప్పుడే తయారైన సరుకు. మేత లేక దూడల్ని ఎమ్మిగనూరు జాతరకి తోలుకెళ్ళి వచ్చినకాడికి అమ్మేసి బస్సెక్కిన మా రైతులకి ఈ సంగతి ముందే తెలిసుంటే, కొమ్ములకి కనీసం పసుపన్నా పూసేవాళ్ళు. మరుసటేడు ఆ మార్కెట్టూ బోర్లా పడిందనుకోండి, నిపుణులు ఆ భాగం చెప్పరు.

ఈ వ్యాపారానికి ముడిసరుకు పాతదనం. అది తయారు చేయడానికి వ్యాపారులు నానా తంటాలు పడతారు. కొత్త చెక్కకి టీ డికాషన్ పూస్తారు, ఇత్తడిని పేడలో పాతిపెడతారు, బొమ్మలకి ముక్కు చెక్కేస్తారు. కర్నూలు పాతబస్తీకి ఈ సేవ ఉచితంగా అందింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చి బీరువాలు, పందిరి మంచాలు, మూడు తరాల ఫొటోలు అన్నిటినీ బురదలో నానబెట్టి పోయాయి. నూరేళ్ళ వయసు రెండు మూడు రోజుల్లో వచ్చేసింది. దాన్ని సొమ్ము చేసుకోవాలన్న ఇంగితం మాత్రం మా వాళ్ళకి లేకపోయింది, అందరూ ఫినాయిల్ పోసి కడిగేసుకున్నారు.

అసలు బేరం ఎలా సాగుతుందో దగ్గర్నుంచి చూడాలి. పత్తికొండ పక్క పల్లెలో, వేరుశనగ పోయిన ఏడాది, ఒక అవ్వ ఇంటి ముందు గంగాళం దించారు. ఆటో అతను దాన్ని బోర్లించి వేలి కణుపుతో కొట్టి విన్నాడు. అడుగున ఆకురాయితో చిన్న గీత గీశాడు. తర్వాత ముఖం అదోలా పెట్టాడు. ఆ ముఖం పెట్టడమే వ్యాపారంలో సగం.

"అవ్వా, అడుగున మసి పట్టింది. మసికి రెండు కేజీలు తరుగు."

"మసి యాడన్నా రెండు కేజీలు ఉంటాదా నాయనా?"

"ఈ పక్క మాటు ఏసినారు. దానికింకో కేజీ."

"ఆ మాటు మా మామ ఏయించినాడు."

"అందుకే ఒక కేజీతో ఇడ్సిపెడ్తాండా."

గంగాళం ఆటో ఎక్కింది. అక్కడినుంచి చేతులు మారుతూ జాతీయ రహదారి మీదుగా బెంగళూరు చేరింది. దారిలో ఒక విచిత్రం జరిగింది. పత్తికొండలో తరుగు పోయిన మసి బెంగళూరులో "ఒరిజినల్ పాటినా", అంటే కాలం పూసిన అసలు రంగు, అయ్యింది. మామ వేయించిన మాటు "హ్యాండ్ రిపేర్" అయ్యింది. ఇక్కడ కాటాలోంచి తీసేసిన మూడు కేజీలకే అక్కడ అసలు ధర. తళతళలాడేలా తోమి ఇస్తే ఆ షాపులో ముట్టుకోరట. పాపం అవ్వ, మంచి రేటు వస్తుందని ముందురోజు చింతపండు పెట్టి తోమబోయింది, ట్యాంకరు నీళ్ళు దండగని కోడలు అడ్డుపడింది. ఆ కోడలి పొదుపు వల్ల ఒక రిసార్టు యజమానికి ఎంత లాభమో ఆమెకి ఎప్పటికీ తెలియదు. ఇప్పుడు ఆ గంగాళం రిసెప్షన్లో ఉంటుంది. నిండా నీళ్ళు పోసి, పైన బంతిపూల రేకులు వదులుతారు. అమ్మేవాళ్ళకి రేపటి విత్తనాల తొందర, కొనేవాళ్ళకి తీరిక. మసి విలువ ఆ రెంటి మధ్యా తేలుతుంది. అర్థశాస్త్రంలో దీనికి ఇంకేదో గంభీరమైన పేరుంటుందిలెండి.

అయితే వస్తువు ఉంటే చాలదు, వెనక కథ ఉండాలి. మా జిల్లాల్లో కథ రెడీగా ఉంది, మన్రో దొర. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకి, అంటే రాయలసీమ, బళ్ళారి ప్రాంతాలకి, ప్రధాన కలెక్టరు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పర్యటనకి వచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. తిరుమలలో ఆయన పేర గంగాళం ఉంది. మంత్రాలయంలో ఆయనకి రాఘవేంద్రస్వామి కనపడి మాట్లాడాడన్న కథ ఉంది. ఇంత సరంజామా ఉన్నాక వ్యాపారి ఊరుకుంటాడా? ఆదోని నుంచి గుత్తి దాకా ఏ పాత కుర్చీ అమ్మకానికొచ్చినా అందులో మన్రో కూర్చునే ఉంటాడు. ఆయన కూర్చోని కుర్చీ ఒక్కటంటే ఒక్కటి నాకింతవరకు ఎవరూ చూపలేదు. అన్నిట్లోనూ నిజంగా కూర్చుని ఉంటే ఆయనకి శిస్తు వసూలు చేసే తీరికే ఉండేది కాదు, మా ముత్తాతలు కాస్త తేరుకునేవాళ్ళు. శిస్తు కట్టలేక చెంబు అమ్ముకున్నవాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు. ఇవాళ వాళ్ళ మునిమనవలు ఆయన పేరే చెప్పి చెంబు మీద నాలుగు రూపాయలు ఎక్కువ అడుగుతున్నారు. ఇంత ఆలస్యంగా వచ్చిన రీఫండ్ ఆదాయపు పన్ను శాఖలో కూడా ఉండదు.

కథతో తృప్తి పడక తేదీ కూడా అడిగే పార్టీలు కొందరుంటారు. వాళ్ళ కోసం చుక్కలున్నాయి. ఇత్తడి సామాను మీద మనం పేర్లు చుక్కలు చుక్కలుగా కొట్టిస్తాం కదా. ఒక బిందె మీద "లక్ష్మిదేవి పెళ్ళికి మేనమామ చదివింపు, 1991" అని ఉంది. అందులో మొదటి 9ని 8 చేయడానికి నాలుగు చుక్కలు చాలు. నాలుగు చుక్కలకి నూరేళ్ళు! నెలకి నూటికి పది రూపాయల వడ్డీకి తిప్పేవాళ్ళకి కూడా ఇంత రాబడి లేదు. అమ్మినాయన, కొన్నాయన ఇద్దరూ ఆనందంగా విడిపోయారు. తేదీ కిందే "పత్తికొండ మండలం" అని ఉన్న సంగతి ఎవరూ చదవలేదు. మండలాలు వచ్చింది 1985లో. 1891లోనే పత్తికొండని మండలం చేసేసిన ఆ మేనమామ మామూలు మనిషి కాడు.

ఈ నూరేళ్ళ మీద అంత మోజు ఎందుకంటే, 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం నూరేళ్ళు నిండిన వస్తువునే పురావస్తువు అంటుంది. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు, దాటిస్తే ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ దాకా జైలు. చారిత్రక విలువున్న రాతప్రతులు, పత్రాలకైతే 75 ఏళ్ళు చాలు. ఈ ముక్క చదవగానే నాకు 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక గుర్తొచ్చింది. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ళలో రాయలసీమకి ముందు పీట వేస్తామని పెద్దలు రాసుకున్న కాగితం. ఆ ప్రకారం 2012లోనే అది పురావస్తువుల్లో చేరిపోయింది. ఇప్పుడు దాన్ని విదేశాలకి తరలిస్తే నేరం. అమలు చేయకపోతే నేరమని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. మేలిరకం సరుకంటే అదీ! వాడనే లేదు కాబట్టి ఒక్క గీత కూడా పడలేదు.

ఎగుమతి నిషేధం సంగతి బ్రోకర్లకి చెప్పి చూడండి, జాలిగా నవ్వుతారు. వాళ్ళ పార్టీ ఎప్పుడూ దుబాయ్‌లోనే ఉంటుంది. సరుకు రైస్ పుల్లింగ్ చెంబు. పిడుగు పడిన రాగి, లోపల ఇరిడియం అనే అరుదైన లోహం, బియ్యపు గింజల్ని లాక్కుంటుంది, విదేశీ అంతరిక్ష సంస్థ కోట్లు పెట్టి కొంటుంది. చూపించే రోజున గింజలకి ఇనుపరజను, చెంబు అడుగున అయస్కాంతం. తర్వాత టెస్టింగ్‌కి సైంటిస్టు రావాలి. ఆయన ఫ్లైటు టికెట్టు, ఆయన తొడుక్కునే రేడియేషన్ సూటు అద్దె, లాడ్జి ఖర్చు అన్నీ మనమే ముందు కట్టాలి. దేశంలో ఏ విశ్వవిద్యాలయమూ ఇంతమంది సైంటిస్టులకి పని చూపించలేదు. నాకొక్కటే అనుమానం. బియ్యం లాక్కునే చెంబు చేతిలో ఉన్నవాడు దాన్ని అమ్ముకోవడం దేనికి, చౌకడిపో గోడకి ఆనించి పెట్టుకోక?

ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకి లక్షలిస్తామనేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. పాత నోట్ల, నాణేల బేరాలతో తనకేమీ సంబంధం లేదని, తాను ఎవరి దగ్గరా కమిషన్ అడగనని 2021లో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ ప్రకటన చదివి, అయితే ఈ కమిషన్ అడుగుతున్నాయన ఎవరని అప్పటికే డబ్బు కట్టినాయన అడిగాడు.

ఇక రాత్రిళ్ళు పాడుబడ్డ గుళ్ళలో నందిని పగలగొట్టి లోపల నిధి వెతికేవాళ్ళకి సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు, చట్టం మాత్రం చెప్తాను. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగిన సొత్తు దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి రాసి తెలపాలి. ఆ పది ఇప్పటికీ పదే. ఇన్ని కరువులు, యుద్ధాలు, మాంద్యాలు, ఒక నోట్ల రద్దు చూసి కూడా పైసా కదలని రేటు ఇదొక్కటే. నిపుణులు దీని మీద పెట్టుబడి పెట్టించాలి.

కాబట్టి పదకొండు రూపాయల నిధి ఎవరికన్నా దొరికితే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్ళండి, ఆ రోజు అర్జీలు తీసుకుంటారు. పాసుపుస్తకం రాలేదనేవాళ్ళు, పింఛను ఆగిందనేవాళ్ళు, సరిహద్దు రాయి జరిపారనేవాళ్ళు లైన్లో ఉంటారు. మీ వంతు వచ్చాక ఏం పోయిందని అడుగుతారు. దొరికిందని చెప్పండి. ఆ అర్జీని ఏ శాఖకి పంపాలో తేలేదాకా రసీదు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి, 75 ఏళ్ళు నిండాక దానికీ రేటు పలుకుతుంది.