గొడుగు మీద పేరు

తెల్లవారుతోంది. ఎడో నగరంలో నిహొన్‌బాషి వంతెన మీద మంచు పేరుకుంది. గొడుగులు వేసుకుని జనం నడుస్తున్నారు. ఆ గొడుగుల మీద అక్షరాలున్నాయి. అవి బొమ్మ గీసిన కేయిసాయి ఐసెన్ పేరు కాదు, పెట్టుబడి పెట్టిన ప్రచురణకర్త తకెనౌచి మగొహాచి పేరు. చెక్క అచ్చులతో ముద్రించిన జపాన్ చిత్రమాల 'కిసొకాయిదో అరవై తొమ్మిది మజిలీలు'లో మొదటి బొమ్మే ఒక వ్యాపార ప్రకటన!

ఎడో, అంటే నేటి టోక్యో నుంచి క్యోటోకు రెండు ప్రధాన మార్గాలు ఉండేవి. ఒకటి సముద్రతీరం వెంట సాగే తొకాయిదో. రెండోది కొండల మధ్యగా దాదాపు 530 కిలోమీటర్లు నడిచే కిసొకాయిదో. మొదటి దారి మీద హిరోషిగె అనే చిత్రకారుడు వేసిన బొమ్మలకు విపరీతమైన గిరాకీ వచ్చింది. ఆ ఊపులోనే తకెనౌచి 1835లో రెండో దారి బొమ్మలకు శ్రీకారం చుట్టి, పని ఐసెన్‌కు అప్పగించాడు. ఐసెన్ అందగత్తెల బొమ్మలకు పేరుపడినవాడు. అతను 24 బొమ్మలు వేశాడు. మిగిలిన 47 హిరోషిగె వేశాడు. మధ్యలో ప్రచురణ కూడా ఇసెయా రిహెయి చేతికి మారింది. నకత్సుగావా మజిలీకి రెండు బొమ్మలు ఉండటంతో, నిహొన్‌బాషితో కలిపి మొత్తం 71 అయ్యాయి.

ఐసెన్ తడబడ్డాడు, హిరోషిగె వచ్చి గట్టెక్కించాడు అని చెప్పుకోవడం తేలిక. నాకు అందులో సగమే నిజం కనిపిస్తుంది. కుత్సుకాకె దగ్గర ఐసెన్ చూపిన గాలివాన చూడండి. చెట్లు ఒక పక్కకు ఒరిగిపోయాయి, మనుషులు తలలు వంచి నడుస్తున్నారు. ప్రకృతి దృశ్యం చేతకానివాడు వేసిన బొమ్మలా ఉందా? అయినా తర్వాతి ముద్రణల్లో అతని సంతకాన్ని అచ్చుల నుంచి తొలగించారు. బొమ్మ అమ్ముకోవడానికి పనికొచ్చింది, పేరు పనికిరాలేదు.

హిరోషిగె గొప్పతనాన్ని కాదనలేం. మియనొకొషి బొమ్మలో నిండు చంద్రుడి కింద, పిల్లలను ఎత్తుకుని ఒక కుటుంబం ఇంటిదారి పట్టింది. వాళ్ల వెనుక చెట్లకూ గుడిసెకూ గీతలే లేవు, పొగమంచులో కరిగిపోయే బూడిదరంగు నీడలు మాత్రమే. అయితే ఆ పొగమంచు ఎవరిది? చెక్క మీద రంగును తడిగుడ్డతోనో కుంచెతోనో పలచబరిచి, కాగితం పరిచి, బారెన్ అనే గుండ్రటి బిళ్లతో కాగితం వెనుకవైపు రుద్దే అద్దకపు పనివాడిది. ఒత్తిడి కాస్త ఎక్కువైతే పొగమంచు కాస్తా మసి మరకవుతుంది. చిత్రకారుడు ఊహించిన పొగమంచును కాగితం మీదకు దింపింది ఆ పనివాడి మణికట్టే.

మనం మాత్రం 'హిరోషిగె అసలు బొమ్మ' కోసం వెతుకుతాం. అతను సన్నని కాగితం మీద వేసిన గీతల చిత్రాన్ని బోర్లించి చెర్రీ చెక్కకు అతికించేవారు. చెక్కేవాడు ఆ కాగితాన్నీ చెక్కనూ కలిపే తొలిచేవాడు. అచ్చు తయారయ్యేసరికి చిత్రకారుడి చేతిగీత ఉన్న ఆ కాగితం చెక్కపొట్టులో కలిసిపోయేది.