రేడియాలజీ ఎవరి ఇష్టం?

మా అన్న కూతురు కర్నూలులో హౌస్ సర్జన్, అంటే ఎంబీబీఎస్ చివర్లో ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ఫస్టియర్‌లో గుండె ఆపరేషన్లు చేస్తానంది. పిల్లల వార్డు చూశాక పీడియాట్రిక్స్ అంది. ఇప్పుడు స్కాన్లు, ఎక్స్‌రేలు చూసి జబ్బు చెప్పే రేడియాలజీ అంటోంది. దీనికి నిలకడ లేదని మా వదినకు టెన్షన్. నాకు మాత్రం చివరి మార్పు మీదే అనుమానం.

మధ్యలో ఒక రాత్రి జరిగింది. కట్లపాము కరిచిన మనిషిని తెచ్చారు. నేల మీద పడుకుంటే నిద్రలో కరిచింది, నొప్పి కూడా తెలియలేదు. రెప్పలు వాలిపోయాయి, ఊపిరి ఆగిపోతోంది. ట్యూబు వేశాక, వెంటిలేటర్ పెట్టేదాకా చేత్తో ఊపిరందించే అంబూ బ్యాగ్ నొక్కింది మా పిల్లే. మర్నాడు సాయంత్రానికి అతను రెప్పలెత్తి చూశాడట. మత్తిచ్చేదీ, ఇలా ఊపిరి నిలిపేదీ అనస్థీషియా డాక్టర్లే. ఆ వారమంతా అనస్థీషియా తప్ప వేరే మాట లేదు. ఇంటర్న్‌షిప్‌లో ఆ విభాగానికి ఉన్నది రెండే వారాలు. అయినా చాలింది. వార్డులు తిప్పేదే ఇందుకు కదా!

మరి రేడియాలజీ ఎక్కణ్నుంచి వచ్చింది? "మంచి ర్యాంకొస్తే అందరూ అదే తీసుకుంటారు చిన్నాయనా, నైట్లు తక్కువ" అంది. అంటే ఇష్టం మారలేదు, లెక్క మారింది. ఐదున్నరేళ్లు చూసినదంతా పీజీ సీట్లిచ్చే నీట్ పీజీ పరీక్షలో 200 ప్రశ్నలు, మూడున్నర గంటల కింద నలిగిపోతోంది. పై ర్యాంకులు రేడియాలజీ, చర్మవ్యాధుల డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్‌కి ఎగబడతాయి. అటు చివర సీట్లు మిగిలిపోతుంటే 2023లో కటాఫ్‌ను ఏకంగా సున్నా పర్సంటైల్‌కి దించారు, అంటే పరీక్ష రాసిన వాళ్లంతా అర్హులే.

ర్యాంకు లేకపోతే సిఫార్సులు రాజ్యమేలతాయంటారు. నిజమే, పరీక్ష ఉండాల్సిందే. కానీ 2019 సిలబస్‌తో పిల్లల చేత వార్డుల్లో నేర్చుకున్న పనులన్నీ లాగ్‌బుక్కుల్లో రాయిస్తున్నారు కదా, వాటికి పీజీ సీటు దగ్గర ఒక్క మార్కైనా ఉందా?

అసలు నష్టం సీమది. కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది 1957లో. తర్వాత అనంతపురం, కడపలకూ వచ్చాయి. రాయచూరు, గద్వాల నుంచి కూడా రోగులు కర్నూలు పెద్దాసుపత్రికే వస్తారు. అనంతపురం బోర్లలో ఫ్లోరైడ్, పొలాల్లో పాములు... ఇన్ని జబ్బులు కళ్లెదుట పెట్టుకుని చదివిన పిల్లలకు ఈ నేల నేర్పిన ఇష్టాన్ని మనమే చెరిపేస్తున్నాం. పైగా జిల్లాల్లో స్పెషలిస్టులు లేరని ఏడుస్తున్నాం.

మొన్న ఫోన్ చేస్తే డ్యూటీలోనే ఉంది. రోగుల గురించి అడిగాను. "ఈరోజు యాభై ఎంసీక్యూలు, అదే పరీక్ష బిట్లు, బాకీ ఉన్నాయి, తర్వాత మాట్లాడతా చిన్నాయనా" అని పెట్టేసింది.