మెరిసే మట్టి ఉండ గారికి సంజాయిషీ కోరుతూ

మహారాజశ్రీ మట్టి ఉండ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో నా సంగతి చెప్పాలంటే గోళ్ల సందుల్లో మట్టి, చొక్కా మీద మట్టి, ఇంట్లోవాళ్ల దృష్టిలో నా పరువు ఎలాగూ మట్టిపాలు. తమరు మాత్రం మెత్తటి గుడ్డ పరిచిన అల్మరాలో, పాలరాతి గుండులా నిగనిగలాడుతూ కొలువుదీరి ఉన్నారు.

తమరి పుట్టిల్లు జపాన్ అనీ, అక్కడ తమరిని ‘హికారు దొరొదాంగో’ అంటారనీ, అందులో దొరో అంటే బురద, దాంగో అంటే పిండి ఉండ, హికారు అంటే మెరిసేది అనీ తెలిసినప్పుడు నాకు రవ్వంతైనా భయం కలగలేదు. బడి ఆవరణలో పసిపిల్లలు ఆటగా చేసేదాన్ని ఇంత వయసు వచ్చిన నేను చేయలేనా అనుకున్నాను. ఆ ఒక్క అహంకారానికి తమరు విధించిన శిక్షను నాలుగు నెలలుగా అనుభవిస్తున్నాను.

పిల్లలకు కావలసినవి మట్టి, నీళ్లు, రెండు అరచేతులు. నాకు మూడు రకాల జల్లెడలు, నీళ్లు చిమ్మే సీసా, తూకం వేసే యంత్రం, వీటన్నిటి లెక్క రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం కావలసి వచ్చాయి. జల్లించిన మట్టిని తడిపి, ముద్ద చేసి, నీరు పిండి, గుండ్రంగా తిప్పుతూ పైన పొడి మట్టి చల్లి, బొటనవేలి మొదలుతో నిమిరి నిమిరి తమరికి ఒక చర్మం కట్టాను. తర్వాత ప్లాస్టిక్ సంచిలో ఉంచి, అడుగు చదునెక్కకుండా కింద గుడ్డ మడిచి పెట్టి, మూతి బిగించాను. కొన్ని గంటలకు తమరి లోపలి తడి పైకి వచ్చి, సంచి గోడల మీద సన్నటి చెమట చుక్కలుగా పేరుకుంది. చెమట తమరిదే అయినా, గంటకోసారి లేచి చూసిన నా ఒంటి మీద అంతకంటే ఎక్కువే పట్టింది.

ఇక దుమ్ము. చివరి పొరకు కావలసిన మెత్తటి పొడి జల్లెడకు కూడా దొరకదు. ఎండిన నేల మీద అరచేయి తట్టి, గరుకంతా దులిపేశాక చేతి గీతల్లో మిగిలేదే కావాలి. పుస్తకాల అర మీది దుమ్ము తుడవడానికి ఏళ్ల తరబడి బద్ధకించిన మనిషి, ఇప్పుడు అదే దుమ్ము కోసం నేల ముందు చేయి చాచి కూర్చున్నాడు.

తమరి పూర్వీకుల్లో మూడోవారిని నేను మరచిపోలేను. తొందరపడి సంచిలోంచి తీసి ఫ్యాను కింద పెట్టాను. పైపొర ముందే ఆరి బిగుసుకుంది, లోపల తడి మిగిలిపోయింది. తెల్లవారేసరికి నేను బొటనవేలితో గట్టిగా నొక్కిన చోటు నుంచి వెంట్రుకంత పగులు బయలుదేరి, సాయంత్రానికి ఉండను చుట్టివచ్చింది.

తమరి మెరుపులో వార్నిషు లేదు, రంగు లేదు. 0.002 మిల్లీమీటరు కంటే చిన్నవైన బంకమట్టి రేణువులు పలకల్లా ఉంటాయి కనుక, గుడ్డతో రుద్దగా రుద్దగా అవి ఒకే వాలున సర్దుకుని వెలుగును తిప్పి పంపుతాయి. పైన పటారం లోన లొటారం అని తమరిని దెప్పే వీలు కూడా లేదు, పైనా మట్టే, లోనా మట్టే. క్యోటో విద్యా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించిన ఫుమియో కాయో అనే ఆచార్యుడు 1999లో ఒక శిశు పాఠశాలలో తమరిని చూసి మోజుపడి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి మరీ పరిశీలించారట. పిల్లలు తిండి వేళ అయితే వదిలేసి వెళ్లిపోయే వస్తువు కోసం పెద్దవాళ్లు ఎంత దూరమైనా వెళతారని చెప్పడానికి నేనొక్కడినే సాక్ష్యం కానందుకు కొంత ఊరట కలిగింది.

అయితే తమరు మరీ విర్రవీగవలసిన పని లేదు. 2008లో ఒక అమెరికా టెలివిజన్ కార్యక్రమంవారు ఇదే పద్ధతిలో జంతువుల పేడను గుండ్రంగా చేసి, రుద్ది, నిగనిగలాడించి చూపించారు. వంశ గౌరవం గురించి మాట్లాడేముందు తమరు ఆ బంధువులను కూడా ఒకసారి తలచుకోవాలి.

అసలు విన్నపం ఇది. పోయిన వారం నాలుగేళ్ల మేనకోడలు వచ్చి తమరిని చేతిలోకి తీసుకోబోతే, నేను పరుగున వెళ్లి ఆపాను. “ఇది ఎందుకు?” అని అడిగింది. చూడటానికి అన్నాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, పెరట్లోకి వెళ్లి, పావుగంటలో జల్లించని మట్టితో, గులకరాళ్లతో సహా వంకరటింకర ఉండ ఒకటి చేసి, తడి తడిగానే తీసుకొచ్చి తమరి పక్కన పెట్టి వెళ్లిపోయింది. సంచి లేదు, పొర లేదు, చెమట పట్టించలేదు. అది తప్పక పగులుతుందని నేను రోజుకు రెండుసార్లు అల్మరా తెరిచి చూస్తూ వచ్చాను.

వారం గడిచింది, ఇంకా పగల్లేదు. దీనికి తమరి నుంచి లిఖితపూర్వక సంజాయిషీ కోరుతున్నాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
జల్లెడ కడుగుతూ